ముందే కట్టేసిన ఇంటిపన్ను

బకాయి లేదని తెలిస్తే ఎవరైనా హమ్మయ్య అనుకుంటారు. పెద్దాయన మాత్రం కంప్యూటరు తెరమీద పచ్చటి అక్షరాల్లో ఉన్న ఆ మాట చూసి, పాము కనబడ్డట్టు కుర్చీ వెనక్కి జరిపాడు.

"సరిగ్గా చూడమ్మా చిట్టీ. నంబరు తప్పు కొట్టావేమో."

"మనింటి నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్తాను పెద్దన్నయ్యా," అంది చెల్లెలు. "ఇదుగో, నాన్న పేరే ఉంది. ఈ ఏడాదిది ఎవరో కట్టేశారు."

చిట్టిది వీధి మలుపులో ఒక ఇరుకు నెట్ సెంటరు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, గోడకి ఆనించిన ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ. కరెంటు బిల్లులు, పరీక్ష ఫీజులు, ఇంటిపన్నులు, ఊళ్ళోవాళ్ళ తలనొప్పులన్నీ ఆ బల్లమీదికే వస్తాయి. అన్నయ్య వస్తే తనవైపున్న టేబుల్ ఫ్యాను ఆయనవైపు తిప్పడం ఆమెకి అలవాటు. అప్పుడూ తిప్పింది. అయినా ఆయనకి చెమటలు ఆగలేదు.

ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. తండ్రి ఏ కాగితమూ రాయకుండా కన్నుమూశాడు. కింది వాటాలో పెద్దాయన, పై వాటాలో తమ్ముడు స్థిరపడ్డారు. ఎవరికి ఏ భాగమో తేల్చుకోలేదు. తేల్చుకోవడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందోనని ఇద్దరికీ భయం. ఇలా ఉండగా పొద్దుటి నడకలో పరిచయమైన ఒక వకీలు గుమాస్తా పెద్దాయన చెవిలో ఓ మాట వేశాడు. "పన్ను ఎవరు కడుతుంటే ఇల్లు వాళ్ళ చేతిలో ఉన్నట్టు సార్. రేపు పేచీ వస్తే ముందు అడిగేది ఆ రసీదులే."

అంతే. ఆనాటి నుంచి పన్ను ప్రకటన వెలువడిందంటే చాలు, పెద్దాయనకి కాలు ఒకచోట నిలవదు. తమ్ముడికీ ఎవరు చెప్పారో గాని అదే తెలిసింది. ఒక ఏడు అన్న ముందు కట్టేస్తాడు, మరో ఏడు తమ్ముడు. ఎవరి రసీదులు వాళ్ళ బీరువాల్లో చొక్కాల అడుగున భద్రం. ఇద్దరికీ ఆన్‌లైన్ రాదు. ఇద్దరూ వచ్చేది చిట్టి దగ్గరికే, ఒకరికి తెలియకుండా ఒకరు.

"వాడొచ్చాడా?" అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి.

"వచ్చాడు. నిన్న."

"అనుకున్నాను! కట్టేశాడన్నమాట."

"చిన్నన్నయ్య కట్టలేదు. నీలాగే చూసి, నీలాగే మొహం మాడ్చుకుని, నువ్వొచ్చావా అని అడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

"రాలేదన్నాను. నిన్నటికి రాలేదుగా."

పెద్దాయన నమ్మలేదు. ఆయన ఉద్యోగమంతా నీటి సరఫరావాళ్ళ లాబ్‌లో గడిచింది. గ్లాసులో తళతళలాడే నీళ్ళలోనే ఎక్కువ అనుమానించాల్సింది ఉంటుందని ఏళ్ళ తరబడి కుర్రవాళ్ళకి చెప్పినవాడు. తమ్ముడు చిట్టి చేత అబద్ధం ఆడిస్తున్నాడు, లేకపోతే ఇంకో నెట్ సెంటరుకి వెళ్ళి కట్టొచ్చి, ఏమీ ఎరగనట్టు ఇక్కడికొచ్చి నాటకం ఆడాడు. దారి పొడుగునా అదే ఆలోచన.

సాయంత్రం మామూలుగానే మెట్లమీద గ్లాసు చప్పుడయింది. భార్య పోయినప్పటి నుంచి ఆయనకి సాయంత్రం టీ పై వాటా నుంచే వస్తుంది. మాటలు ఉన్నా లేకపోయినా టీ మాత్రం ఆగలేదు. మరదలు మూడో మెట్టు మీద గ్లాసు పెట్టి, పైన మూత పెట్టి, "బావగారూ, టీ," అని పిలిచి వెళ్ళిపోతుంది.

ఆ రోజు టీలో చక్కెర కాస్త ఎక్కువైంది. గ్లాసు కింద పెట్టి దానివంక అలాగే చూశాడు. రోజూ పిసినారిగా వేసే మనిషి ఇవాళే ఎందుకు వేసింది? తప్పు చేసినవాళ్ళ ఇంట్లోనే చెయ్యి ఇలా ధారాళమవుతుంది. చల్లారిపోతుందని బెంగపడి, అనుమానిస్తూనే మొత్తం తాగేశాడు.

గ్లాసు కడిగి మెట్టుమీద పెట్టబోతుంటే తమ్ముడే దిగుతూ ఎదురయ్యాడు. అతనికి రంగుల షాపు. ఎప్పుడు చూసినా గోళ్ళ సందుల్లో ఏదో ఒక రంగు.

"బాగుందన్నయ్యా. చాలా బాగుంది."

"టీయా?"

"పన్ను! ఏం తెలియనట్టు అడుగుతావేంటి? గుట్టుచప్పుడు కాకుండా కట్టేసి కూర్చున్నావుగా."

"నువ్వు కట్టి నామీద తోస్తావేంట్రా?"

"నేను కడితే నీ ముందుకొచ్చి ఎందుకడుగుతాను? పైన కూర్చుని నవ్వుకుంటాను."

పెద్దాయన ఆగాడు. ఆ మాట నిజమే. కట్టిన ఏడాది వాడు సరిగ్గా అలాగే నవ్వుకుంటాడు, ఆ నవ్వు శ్లాబులోంచి కిందికి వినబడుతుంది కూడా.

"అమ్మ తోడు, నేను కట్టలేదురా."

"అమ్మ తోడు, నేనూ కట్టలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే పేరు ఇద్దరి నోట్లోకీ వచ్చింది. పేరంటే పేరు కాదు, పాత ఇళ్ళు కొని అపార్ట్‌మెంట్లు కట్టే ఆయన. ఈమధ్య తరచు కారు ఆపి, దిగకుండానే అద్దం దించి, ప్రహరీగోడని కళ్ళతో కొలుస్తున్నాడు.

"వాడే కడితే?" అన్నాడు తమ్ముడు. "రేపు రసీదు పట్టుకొచ్చి ఇల్లు నాది అంటే?"

ఏడాది తర్వాత తమ్ముడు మళ్ళీ కింది వాటాలో కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆ సాయంత్రమే. మరదలు ఇంకో రెండు గ్లాసులు తెచ్చి, ఈసారి మెట్టుమీద కాక చేతికే ఇచ్చింది. భయం కలిపిన స్నేహమే అయినా, తమ్ముడి గొంతు తన గదిలో వినబడటం పెద్దాయనకి హాయిగా తోచింది. ఆ హాయిని కూడా కాస్త అనుమానించి, సరేలే అనుకున్నాడు.

పొద్దున్నే ఇద్దరూ ఒకే స్కూటరు మీద పన్నుల ఆఫీసుకి వెళ్ళారు. కౌంటరులో ఉన్నావిడ నంబరు కొట్టి చూసి, ఇది ఫలానా నెట్ సెంటరు నుంచి కట్టారంది.

"అది మా చెల్లెలిదేనండీ. కట్టించింది ఎవరని?"

"అది మాకెలా తెలుస్తుందండీ? ఇంటి నంబరు, డబ్బు, అంతే. పోయినేడూ అక్కడి నుంచే. అంతకు ముందూ అక్కడి నుంచే."

"పోయినేడు కట్టింది నేను," అన్నాడు తమ్ముడు.

"అంతకు ముందు నేను," అన్నాడు పెద్దాయన.

"మీ పేర్లు ఎక్కడా లేవే? రసీదు యజమాని పేరుమీదే వస్తుంది. ఆయన మీకేమవుతారు?"

"నాన్నగారు. పోయారు."

"పోయారా! మరి ఇన్నాళ్ళూ పేరు మార్పించుకోలేదేం? వారసులందరి పేర్లూ రాసి, అందరూ సంతకాలు పెట్టి ఇవ్వండి."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరూనండీ. నెక్స్ట్!"

బయటికొచ్చి స్కూటరు దగ్గర నిలబడ్డారు. ఇన్నేళ్ళ పరుగుపందెం గాలిలో కలిసిపోయిందని ఇద్దరికీ తెలిసిపోయింది. 'అందరూ' అన్న మాట దగ్గరే ఇద్దరి మనసులూ ఇరుక్కున్నాయి.

"ఆ కారాయన జిరాక్సులు తీయించుకునేది చిట్టి దగ్గరే," అన్నాడు తమ్ముడు మెల్లగా.

"నోరు ముయ్యరా," అన్నాడు పెద్దాయన. కాని దారిలో తనూ అదే ఆలోచించాడు.

వాళ్ళిద్దర్నీ కలిపి చూసి చిట్టి కనుబొమలెత్తింది. "ఇద్దరూ ఒకేసారే! కుర్చీ ఒకటే ఉందే."

"ఎవరిచ్చారే డబ్బు?" అన్నాడు తమ్ముడు.

"ఎవరిస్తారు? నేనే కట్టాను."

"ఎవరి తరఫున?"

"నా తరఫున."

జిరాక్సు మిషను కాసేపు తనలో తాను గునిసి ఆగింది.

"నీకెందుకే ఇవన్నీ?"

"నువ్వు కట్టినప్పుడు నీకెందుకని నేనడిగానా చిన్నన్నయ్యా? 'అన్నయ్యకి చెప్పకు' అని నువ్వు. 'వాడికి చెప్పకు' అని పెద్దన్నయ్య. ఎవరికీ చెప్పలేదు. నా ముందు కూర్చుని, నా చేత కట్టించుకుంటూ, నీకూ ఉంది కదా చిట్టీ అని ఒక్కరన్నారా? ఒక్కసారి?"

"అడిగితే ఇవ్వమా?" అన్నాడు పెద్దాయన. ఆ మాట తనకే డొల్లగా వినబడింది.

"అడగాలనే అనుకున్నాను. మావారేమో నెలలో సగం రోజులు బస్సు తోలుతూ ఊళ్ళమీదే. ఈ షాపు ఖాళీ చెయ్యమంటున్నారు. మనింట్లో రోడ్డువైపు గది తాళం వేసే ఉంది. అడిగితే మీరు మొహాలు చూసుకుంటారు. కడితే వెతుక్కుంటూ వస్తారు. వచ్చారుగా."

"ఎవరు నేర్పారు నీకు?" తమ్ముడి గొంతు లేచింది. "ఆ అపార్ట్‌మెంట్ల వాడా?"

"వకీలు గుమాస్తా గారు. జిరాక్సుకొచ్చి చెప్పారు, పన్ను ఎవరు కడుతుంటే ఇల్లు వాళ్ళ చేతిలో ఉన్నట్టని."

మరో సందర్భమైతే ముగ్గురూ పడీపడీ నవ్వేవాళ్ళు. తమ్ముడు మాత్రం "నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను, రాసిపెట్టుకోండి," అని మెట్లు దిగి, అన్నని అక్కడే వదిలేసి స్కూటరు తీశాడు.

పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. ఫ్యాను ఆయనవైపు తిరిగింది. చిట్టి ఇప్పుడు చెప్పినదాంట్లో అబద్ధం ఎక్కడా దొరకలేదు. వాటా ఆమెదీ, న్యాయమూ ఆమెదే. దాని వెనకే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. చిట్టి తనవైపు ఉంటే తమ్ముడు ఒంటరివాడు. ఇక తను ఆడింది ఆట. ఆ ఆలోచన ఎంత తొందరగా వచ్చిందో చూసి ఆయనకి సిగ్గేసింది.

"పేరు మార్పు దరఖాస్తు తియ్యి," అన్నాడు.

చిట్టి కీబోర్డు ముట్టుకోలేదు. "ఎందుకు? చిన్నన్నయ్య మీద పైచెయ్యి కోసమా?"

కాదని తేలిగ్గా అనేయొచ్చు. "అదీ కొంత ఉందేమోనమ్మా. నాకే సరిగ్గా తెలియడం లేదు. అయినా తియ్యి."

దొంగనోటేమోనని వెలుతురుకి పట్టి చూసినట్టు ఆయన్ని చాలాసేపు చూసింది. తర్వాత తెరమీద దరఖాస్తు తెరిచింది. "పేర్లు నువ్వే చెప్పు. నేను కొడతాను."

తన పేరు చెప్పాడు. తమ్ముడి పేరు చెప్పాడు. మూడోది చెప్పడానికి కాస్త ఆగాల్సి వచ్చింది. బడి మానేశాక ఇంట్లో ఎవ్వరూ పిలవని ఆమె అసలు పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాడు.

"వినబడలేదు," అంది చిట్టి.

వినబడిందని ఆయనకి తెలుసు. గుమ్మంలో కాగితాలతో నిలబడ్డ మనిషి తలెత్తి చూసేంత గట్టిగా మళ్ళీ చెప్పాడు. అప్పుడు కొట్టింది, ఒక్కొక్క అక్షరమూ.

ప్రింటరు రెండు ప్రతులు బయటికి నెట్టింది.

"సంతకానికి ముందు చదువుకో పెద్దన్నయ్యా."

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి వరుస నుంచి చదవసాగాడు. మొహమాటపడలేదు. బల్లకి అవతల చిట్టి రెండో ప్రతి తీసుకుని, అంతే శ్రద్ధగా, తనూ మొదటి వరుస నుంచి చదువుకుంటోంది.