అన్నయ్య లాల్చీ

పొద్దున వంటపని ముగియగానే చిట్టి ముందుగదిలో మగ్గం ముందు కూర్చునేది. కర్రచట్రానికి గుడ్డ బిగించి, వేలితో తట్టి, డప్పులా మోగితేనే సూది అందుకునేది. గొలుసు కుట్టు, కాడ కుట్టు, అద్దాల పని, తెల్లగుడ్డ మీద తెల్లదారంతో పూలు, ఏదైనా ఆమెకు మంచినీళ్ళు తాగినంత సులువు. ముప్పై ఆరేళ్ళొచ్చినా ఇంట్లో ఆమె చిట్టే.

కుట్టేటప్పుడు ఆమె మనసులో ఏమనుకుంటే, ఆ బట్ట మొదటిసారి తొడుక్కున్నవాళ్ళ నోట అదే వచ్చేది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. అందుకే చిట్టి కుట్టినంతసేపూ ఎక్కాలు చదువుకునేది. పీటల మీద పెళ్ళికూతురు పదమూడో ఎక్కం అప్పజెబితే, "చిట్టి పనా?" అనుకుని జనం భోజనాలకి లేచేవారు.

ఆ వారం మాత్రం ఎక్కాలు కుదరలేదు. వేరే ఊళ్ళో కుట్టుపని నేర్పే బడి నుంచి ఉత్తరం వచ్చింది. టీచరుగా రమ్మన్నారు. ఉండటానికి గది ఇస్తామన్నారు. శుక్రవారం పెద్దమేడమే వచ్చి జవాబు తెలుసుకుంటుందని రాశారు. బట్టలకొట్టు నడిపే అన్నయ్య ఉత్తరం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చూద్దాంలే," అన్నాడు.

అన్నయ్య చూద్దాంలే అన్నాడంటే ఇక చూడడనే అర్థం. అమ్మానాన్నా పోయాక తనని పెంచింది అతనే. ఎదురుగా నిలబడి అడగబోతే చిట్టికి మాట గొంతులోనే ఉండిపోయేది. పైగా, మేడం వస్తోంది కదా, తన కొత్త లాల్చీకి మెడపట్టీ కుట్టమని ఆమెకే పురమాయించాడు.

నాలుగు కుట్లు వేసేది, లేచేది. కిటికీ తెరిచేది, మూసేది. ఏడో ఎక్కం మొదలుపెడితే ఏడు మూళ్ళ దగ్గరే ఆ ఊరి రైలు గుర్తొచ్చేది. వేలికి సూది గుచ్చుకునేది.

"కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరగడం?" అంది వదిన గుమ్మంలోంచి.

"ఏం లేదు వదినా. ఉక్కగా ఉంది."

శుక్రవారం పొద్దున ఆఖరి ముడి వేశాక గానీ ఆమెకు భయం పట్టుకోలేదు. మెడపట్టీ పొడవునా ఏమేమి అనుకుందో తలుచుకుంటే చెమటలు పోశాయి. కత్తెర తీసి మొదటి కుట్టు కిందికి మొన దూర్చింది. విప్పేస్తే సరి. అన్నయ్య పాత బట్టల్లోనే కూర్చుని, "మా చెల్లెలికి ఇష్టం లేదండీ," అంటాడు. మేడం వెళ్ళిపోతుంది. ఆ తర్వాత?

కత్తెర పక్కన పెట్టేసింది. లాల్చీ మడిచి తానే తీసుకెళ్ళి వదిన చేతికిచ్చింది.

పదింటికి మేడం గేటు తీస్తుంటే అన్నయ్య లాల్చీ తొడుక్కుని వచ్చాడు. ఏదో ఒక ఎక్కం వచ్చి పోతే, ఆ తర్వాత తన మాట చెప్పుకోవచ్చని, మేడం ఎదురుగా కూర్చుని ధీమాగా గొంతు సవరించుకున్నాడు.

"నాకు రావాలనుందండీ," అన్నాడు.

నోరు మూసుకోబోయాడు. మాట ఆగలేదు.

"నా చేతిలో ఉన్నది పదిమందికీ నేర్పాలనుంది. ఈ కిటికీలోంచి ఎదురింటి గోడ చూసి చూసి విసుగొచ్చింది. అన్నయ్య చెడ్డవాడు కాదు. కొట్టడు, తిట్టడు. కానీ అడగబోయిన ప్రతిసారీ తప్పు చేసిన చిన్నపిల్లనైపోతాను. అన్నయ్యంటే నాకు భయం."

ఆ ఆఖరి మాట తన గొంతులోనే విని అన్నయ్య ముఖం పాలిపోయింది. లేచి లోపలికెళ్ళాడు. మెడపట్టీలో ముడులు ఎంత సన్నగా పడ్డాయో మేడం కాఫీ తాగుతూ వదినతో చెబుతోంది. చిట్టి గోడకి ఆనుకుని నిలబడింది.

అన్నయ్య పాత గళ్ళచొక్కాలో తిరిగొచ్చాడు. కూర్చోలేదు.

"భయమా చిట్టీ? నేనంటేనా?"

ఆమె తలూపింది.

"నాకు తెలీదే," అన్నాడు. "నీకు ఇష్టం లేదని చెప్పి పంపించేద్దామనుకున్నాను. ఇప్పుడది నా వల్ల కాదు. ఇందాకటి మాటే ఈసారి నువ్వు చెప్పు ఆవిడకి," అన్నాడు.

చిట్టి గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చింది.

"సోమవారం వస్తానండీ," అంది.

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. వదిన ఉలిక్కిపడి కప్పు వదిలేసింది. అది పగిలినా ఎవరూ కిందికి చూడలేదు.