చలికాలపు బరువు

చలికాలం వచ్చిందంటే మా గ్రే విల్లోలో అందరూ లావెక్కుతారు. తిండి వల్ల కాదు, విమానం వల్ల. ఉత్తరాన మంచు అడవుల మధ్య, రోడ్డనేది లేని ఊరు మాది. ఎక్కడికెళ్ళాలన్నా చిన్న విమానమే, మనిషికి ఒక్క సంచీయే. చుట్టాలింటికి ఉత్త చేతులతో వెళ్ళడం మాకు చేతకాదు. అందుకని ఎండబెట్టిన దుప్పి మాంసం, చేపలు కోటు లోపల పెట్టి కుట్టేసుకుంటారు.

రన్‌వే పక్కన రేకుల గదిలో కూర్చుని, ఎక్కేవాళ్ళ బరువు రాసుకునేది నేనే. నా పేరు సెలెస్టీన్. గదిలో తూకం యంత్రం లేకపోలేదు, దాని మీద నా కాఫీ ఫ్లాస్కు ఉంటుంది. ఎవరినైనా దాని మీద ఎక్కమంటే నువ్వు దొంగవి అన్నట్టే. ఎంత అని అడుగుతాను, వాళ్ళు చెప్పింది రాస్తాను. మా మాడ్లెన్ పిన్ని తొమ్మిదేళ్ళుగా యాభై ఐదు కిలోలే. తలుపు పట్టక ఆమె పక్కకు తిరిగి వస్తుంటే అందరం నవ్వుకునేవాళ్ళం.

పదమూడు రోజుల కిందట ఆ నవ్వు కాస్తా పోయింది. పైలటూ ఇంకో ఐదుగురూ ఎక్కిన విమానం లేచి, నిమిషం తిరక్కుండానే రన్‌వే చివరి అడవిలో కూలింది. ఊరంతా ఆ చప్పుడు విన్నాం. పిన్ని కొడుకు లియోన్ అందులోనే ఉన్నాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. వాడూ నేనూ ఒకే కంచంలో తిన్నవాళ్ళం.

మగవాళ్ళు ఆరుగురి శవాల్నీ తెచ్చారు. చెట్ల కింద చెల్లాచెదురైన మాంసం, చేపలు కూడా ఏరుకొచ్చారు. పోయినవాళ్ళ తిండి కాకులకు వదలకూడదు, నిప్పుకే పెట్టాలి. పెద్దవాళ్ళు చేతి తొడుగులు తీసి, ఒక్కొక్కరి పేరూ చెబుతూ ముక్క ముక్కా నిప్పులో వేశారు. నాలుగు గోనె సంచులైంది. లెక్కపెట్టింది నేనొక్కదాన్నే. నోరు మాత్రం మెదపలేదు.

మర్నాడు దక్షిణాన ఉన్న పట్నం నుంచి అధికారులు దిగారు. నా కాగితం తీసుకుని, బరువు సరిగ్గానే ఉందన్నారు. రెక్కల మీద మంచు పట్టి ఉంటుందేమో చూస్తామన్నారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం ఆ నాలుగు సంచులే కళ్ళ ముందు ఉన్నాయి.

ఈ రోజు పొద్దున మళ్ళీ అలాంటి విమానమే వచ్చింది. పోయినవాళ్ళలో ఇద్దరిది సరస్సు అవతలి స్టోనీ పాయింట్. వాళ్ళ ఖననానికి మా ఊరి నుంచి ఆరుగురు బయల్దేరారు. మబ్బు ఆ రోజులాగే చెట్ల కొనల దాకా దిగింది. రన్‌వే పొడుగునా కాకులు కదలకుండా కూర్చున్నాయి. వాతావరణం మూసుకుపోకముందే కదలాలని పైలటు తొందరపెడుతున్నాడు.

అందరూ లావుగానే వచ్చారు. చావు జరిగిన ఇంటికి మరీ ఉత్త చేతులతో వెళ్తారా? వరసలో ముందు పిన్ని, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, బాతులా. ఎంత పిన్నీ అన్నాను.

"యాభై ఐదు," అంది. "ఏడ్చి ఏడ్చి ఇంకో రెండు తగ్గుంటాను, రాసుకో."

పదమూడు రోజుల్లో మొదటిసారి వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఫ్లాస్కు తీసి కింద పెట్టి, యంత్రాన్ని కాలితో ముందుకు తోశాను.

"దీని మీద నిలబడు పిన్నీ."

"ఏమే, నన్నా? నీ ముక్కు తుడిచిన చేతులే ఇవి. నన్ను దొంగని చేస్తున్నావా?"

"నువ్వెక్కకపోతే ఈ విమానం కదలదు."

రేకుల గది తాళం చేతికిస్తే ఊరికంతా రాణిననుకుంటోందనీ, అక్కడ వాళ్ళు శవపేటికలు ముందు పెట్టుకుని కూర్చుంటే ఇక్కడ దీని పెత్తనమేమిటనీ వరసలోంచి ఆర్చీ బాబాయ్ గొణిగాడు. మిగతావాళ్ళు తలలూపారు. నేను పక్కకు జరగలేదు. పిన్ని నా మొహంలోకి చూసింది. చూసి, ఎక్కింది.

ఎనభై ఒకటి.

పైలటు వంగి ఆ అంకె చూశాడు. తర్వాత వరసలో నిలబడ్డ మిగతా ఐదు లావు కోట్లనూ చూశాడు. తొందరపెట్టడం మానేశాడు.

పిన్ని దిగలేదు. "ఆ రోజు లియోన్‌కి ఎంత రాశావు?" అంది.

"డెబ్బై. వాడు చెప్పిందే."

"వాడి కోటు కుట్టింది నేనే. ఒకటి చాలదని రెండు కోట్లు తొడిగాను," అని, గోళ్ళతో తన కోటు కుట్లు తెంపుకోవడం మొదలుపెట్టింది.

ఒక్కొక్కళ్ళే విప్పారు. ఆర్చీ బాబాయ్ అందరికంటే ఆఖర్న, మొహం అటు తిప్పుకుని విప్పాడు. బల్ల మీద కుప్ప నా గడ్డం దాకా వచ్చింది. అందరినీ మళ్ళీ తూచి అసలు అంకెలు రాశాను. అప్పటికీ ఒక మనిషి బరువు ఎక్కువే తేలింది. నేనాగిపోతానంటూ పిన్ని నా కుర్చీలో కూలబడింది.

విమానం లేచింది. ఊళ్ళో ఒక్క తలుపూ తెరుచుకోలేదు, కానీ ప్రతి ఇంట్లోనూ చెవులు రిక్కించి ఉన్నారని నాకు తెలుసు. అడవి దగ్గరికి వెళ్ళాక చప్పుడు సన్నగిల్లి, ఆగిపోయింది. ఆ రోజు ఇంజను చప్పుడు ఆగింది కూడా అక్కడే.

అవతలి ఒడ్డుకు నలభై నిమిషాలు. పిన్ని నా చెయ్యి వదల్లేదు. నేను ఫోను మీంచి చూపు తీయలేదు. నలభై దాటాయి. యాభై అయ్యాయి. పైన రేకుల మీద కాకి ఒకటి దిగి గోళ్ళతో గీరితే ఇద్దరం ఉలిక్కిపడ్డాం. అప్పుడు మోగింది ఫోను. అందరూ క్షేమంగా దిగారట.

భయం దిగిపోయి ఏడ్చేశాను. ఏడుస్తూనే పిన్నికి చెప్పాను. ఆమె ఏడవలేదు. బల్ల మీది మాంసం కుప్పకేసి చూసింది.

"చేరారా," అంది. "అయితే ఆ రోజు కూడా చేరేవాళ్ళేనే."

ఆమే కలం నా ముందుకు జరిపి, ఆ రోజువి అసలు అంకెలు రాసి అధికారులకు పంపమంది. మిగతావి ఇల్లిల్లూ తిరిగి అడుగుదాం, లియోన్‌ది ముందు రాయమంది. కొత్త కాగితం తీసి, పదమూడు రోజుల కిందటి తేదీ వేశాను.

"తొంభై రెండు," అంది పిన్ని. "ఇరవై రెండు కిలోలు. వంటింటి త్రాసులో తూచే కుట్టాను."

రాశాను.