గురువారాల పడవ

ముత్యాలయ్యకు కన్ను మూతపడితే చాలు, ఒకటే కల. రేవులో నీలిరంగు పడవ ఉంటుంది, అది తనదే. అలలకు చప్పుడుండదు, ఇసుక కాలికి తగలదు. పడవ నిండా వంజరం చేపలు తళతళమంటుంటాయి. ఎవరో వచ్చి నిలబడతారు. ముఖం కనబడదు గానీ గొంతు వినబడుతుంది. "రేటెంత?" అని అడుగుతారు. చెబుదామని నోరు తెరుస్తాడు, మాట రాదు. అంతలో మెలకువ వచ్చేస్తుంది.

మాట ఎందుకు రాదో అతనికి తెలుసు. కోట ఊరి దగ్గర, వేటగాళ్ళుండే ఆ పట్టపుపాలెంలో అతని నాయన బతికినన్నాళ్ళూ సావుకారి బాకీలోనే వేట చేశాడు. పడవ కొనడానికి సావుకారు డబ్బిచ్చాడు. పడిన చేపంతా తనకే వేయాలన్నాడు, ధర కూడా తనే చెబుతానన్నాడు. ఎవరైనా రేటడిగితే నాయన నోరెత్తకుండా సావుకారి ముఖంకేసి చూసేవాడు. ఆ చూపు చూస్తే పసివాడు ముత్యాలయ్యకు ఏడుపొచ్చేది. పోయేముందు నాయన చెప్పిందొకటే. "బాకీ జోలికి మాత్రం పోవాకు అబ్బయ్యా."

పోలేదు. ఏళ్ళ తరబడి పరాయి పడవల్లో వాటాకు వేట చేశాడు. గంజి తాగి పడుకున్నాడే గానీ ఒకరి ముందు చెయ్యి చాచలేదు. అట్లాంటి మనిషి, సొంత పడవ కోసం మనసు రాయి చేసుకుని కోటలో బ్యాంకు మెట్లెక్కితే, షారన్ అనే ఆఫీసరమ్మ కంప్యూటర్లో చూసి, "మీ క్రెడిట్ స్కోరు మైనస్ ఒకటి చూపిస్తా ఉందన్నా" అంది.

ముత్యాలయ్యకు ఒళ్ళు మండింది. "ఎవరికీ పైసా బాకీ లేనోణ్ణి. నాకు మైనస్సా?"

"బాకీ లేకనే వచ్చిన తంటా ఇది. మీరు చెడ్డోళ్ళని కాదన్నా, మీరెవరో మాకు తెలీదని. అప్పు తీసుకుని తీర్చిన జాడ ఒక్కటన్నా ఉండాల గదా."

దారి కూడా ఆమే చూపింది. కూడబెట్టిన దాంట్లో కొంత డిపాజిట్ వేస్తే దాని మీద క్రెడిట్ కార్డు ఇస్తారు. కార్డుతో కొంచెం కొంచెం కొనుక్కోవాలి, ఇచ్చిన పరిమితిలో మూడో వంతు దాటకూడదు, బిల్లు మొత్తం గడువులోపల కట్టేయాలి. "నీళ్ళలో దిగందే ఈత రాదన్నా" అంది. సముద్రం మీద బతికేవాడికి ఈత పాఠం! అంత కోపంలోనూ అతనికి నవ్వొచ్చింది.

కార్డు వచ్చింది. మనవాడు దాన్నేం చేశాడనుకున్నారు? పసుపు కుంకుమ పెట్టి అమ్మవారి పటం ముందుంచాడు. ఎంత ముట్టుకోకపోతే అంత మంచి పేరొస్తుందని అయ్యగారి నమ్మకం. నెలలు గడిచాక గర్వంగా బ్యాంకుకు పోతే షారన్ తల పట్టుకుంది.

అప్పుడు దిగాడు నీళ్ళలోకి. ఒకసారి వల దారం, ఒకసారి ఉప్పూ పప్పూ. మెల్లగా స్కోరు అంకె పుట్టింది, పుట్టి పెరిగింది. కలలో నీలి పడవ పక్కన ఆ అంకె కూడా చేపపిల్లలా ఈదుతూ కనబడేది. దాన్ని చూసుకుంటూ ముత్యాలయ్య నిద్రలోనే నవ్వుకునేవాడు.

ఆ సంతోషంలోనే దెబ్బ తిన్నాడు. ఒక నెల బిల్లు గడువు శుక్రవారం పడింది. శుక్రవారం పూట లక్ష్మిని ఎవరన్నా గడప దాటిస్తారా? రేపు కడదామనుకున్నాడు. రేపు రెండో శనివారం, బ్యాంకు లేదు. ఫోన్లో కట్టడమంటే అతనికి నమ్మకం లేదు. ఆదివారం సరే సరి. సోమవారం ఏదో పండగ సెలవు. మంగళవారం మళ్ళీ డబ్బు ఇల్లు దాటకూడదు. బుధవారం పొద్దున్నే పోయి, జరిమానాతో సహా కట్టి, పని అయిపోయిందనుకుని వచ్చాడు. తర్వాత చూస్తే స్కోరు జారిపోయింది. ఇప్పుడు లోను రాదనీ, మళ్ళీ చాలా నెలలు తప్పకుండా కట్టాలనీ షారన్ చెప్పింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

సంగతి తెలిసి సావుకారి కొడుకు నరసయ్య సాయంత్రానికల్లా వాలాడు. "ఆ అంకెల గోల నీకెందుకు మామా? నీ మాట చాలు నాకు. రేపే పడవ తీసిస్తా. చేప నాకెయ్, అంతే."

రేపే పడవ. ముత్యాలయ్య నిజంగానే సరేనందామనుకున్నాడు, నాలిక చివరిదాకా వచ్చింది. తీరా చూస్తే తను నరసయ్య ముఖంకేసే చూస్తున్నాడు, అచ్చం నాయన చూసినట్టు. సిగ్గుతో తల దించుకుని, "ఇంట్లో అడిగి చెప్తా" అన్నాడు.

ఇంట్లో పెళ్ళాం రోజా అంతా విని, పొయ్యి మీద పులుసు కలుపుతూ, "గడువు ఏ రోజైతే మనకేంది?" అంది. "బిల్లు రాంగానే ముందొచ్చే గురువారం కట్టేద్దాం. లక్ష్మికీ కోపం రాదు, బ్యాంకుకీ రాదు."

ఇంత చిన్న మాట తనకెందుకు తట్టలేదా అని ముత్యాలయ్య రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. నరసయ్యకు వద్దని చెప్పించాడు.

అక్కడి నుంచి నెలనెలా ఒక గురువారం. వానొచ్చినా, వేట లేకపోయినా, పొద్దున్నే తలస్నానం చేసి, కోట బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని రొయ్యల గుంటల మీద తేలే ఎండను చూస్తూ పోయేవాడు. ఒక్కో గురువారం పడవకు ఒక్కో పలక బిగిస్తున్నట్టుండేది అతనికి. కునుకు పడితే పడవ వచ్చేది. మాట మాత్రం వచ్చేది కాదు.

చివరకొక గురువారం షారన్ కుర్చీలోంచి లేచి మరీ చెప్పింది. "స్కోరు ఏడు వందల యాభై దాటిందన్నా! పడవ లోను కాగితాలు తీసుకురండి." ముత్యాలయ్య అక్కడే, అందరి ముందే, కండువాతో ముఖం కప్పుకుని ఏడ్చాడు.

పడవ నీలిరంగుదే వచ్చింది. తొలి వేట నుంచి తిరిగొచ్చిన పొద్దు శుక్రవారం, లక్ష్మి లోపలికొచ్చే రోజు. గంప నిండా వంజరాలు. నరసయ్య వచ్చి నిలబడ్డాడు, అతని వెనక నెల్లూరు నుంచి వచ్చిన బేరగాళ్ళు.

"రేటెంత మామా?"

ముత్యాలయ్య నోరు తెరిచాడు. కలలోలాగే మాట రాదేమో అనిపించింది. కానీ కాళ్ళ కింద ఇసుక చల్లగా తగులుతోంది, అలల చప్పుడు వినబడుతోంది.

"కిలో ఎనిమిది వందలు."

"ఎక్కువ గదా మామా."

"ఎనిమిది వందలే! ఇష్టమైతే తీసుకో, లేకుంటే వాళ్ళు తీసుకుంటారు."

"ఎందుకట్లా అరస్తావు? ఇనపడిందిలే" అంది రోజా, గంప సర్దుతూ.

నరసయ్యకు వినబడిందని అతనికీ తెలుసు. అయినా ముత్యాలయ్య సముద్రం వైపు తిరిగి, నాయనకు వినబడేటట్టు, ఆ ధర ఇంకొక్కసారి చెప్పాడు.