గోడలోని జోడీ

సుల్తానాబాద్ దాటినాక వచ్చే రైస్‌మిల్లులో గోదాము గోడ పొద్దున్నే మొదలుపెడుతుంది. "పట్టు!" అంటుంది. తలుపు పక్కన నడుమెత్తున ఉన్న నల్లరాయి పిలుపది. హమాలీలు బీడీలు ఆర్పి లేస్తారు.

"లక్ష్మణ్ డ్యూటీ ఎక్కిండు, నడువుండ్రి," అంటాడు ఎవరో ఒకరు.

హమాలీలు జోడీలుగా పనిచేస్తారు. బస్తా ఎత్తేవాడు "పట్టు!" అంటాడు. మోసేవాడు "ఆ, పట్టిన" అనేదాకా చెయ్యి వదలడు. లక్ష్మణ్ ఎత్తేవాడు, పర్శరాములు మోసేవాడు. నిరుడు వానలప్పుడు, పైదాకా పేర్చిన తడి వడ్ల బస్తాల నిట్టు ఒరిగింది. లక్ష్మణ్ భుజం ఆనించి "పట్టు!" అని అరిచాడు. పర్శరాములు పలక్కుండానే బయటికి ఉరికాడు. నిట్టు కూలింది. మనిషి పోయాడు, పిలుపు మాత్రం వెనకున్న రాయిలో ఉండిపోయింది.

ఓనరు శ్రీధర్‌రావు గోడకు సిమెంటు పూయించాడు. పిలుపు సిమెంటులోంచీ వచ్చింది. నాలుగు రోజుల్లో రాయి మీది సిమెంటు పెచ్చులూడిపోయింది. కొన్నాళ్లకు ఆయనా అలవాటు పడ్డాడు. ఫోనులో మాట్లాడుతూ, "జర ఆగు, గోడ అంటుంది," అని రెండో చెవి మూసుకునేవాడు.

లక్ష్మణ్ భార్య రామవ్వ అదే మిల్లులో వడ్లు ఊడుస్తుంది. మధ్యాహ్నం సద్ది విప్పి, ఆ రాయికి వీపు ఆనించి తింటుంది.

"పట్టు!"

"తింటున్న, అరువకు," అంటుంది.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరు ప్రవక్త మాట చెప్పాడు. అన్యాయంతో కట్టిన ఇంట్లో గోడరాయి మొరపెడుతుందట, పైన దూలం దానికి జవాబిస్తుందట.

"మా గోదాముకు దూలం లేదు అయ్యగారూ. అన్నీ ఇనుప పైపులే," అంది రామవ్వ.

"దేవుడు చూస్కుంటడమ్మా."

రామవ్వ తల ఊపింది. జవాబు రాకపోవడమే ఆమెకు నయం. మారుపలికితే పిలిచేవాడు చెయ్యి వదిలేస్తాడని హమాలీ భార్యకు తెలియదా?

మరునాడు ఉట్నూర్ నుంచి జంగుబాయి మిల్లుకు వచ్చింది, చంకలో పసిపిల్లతో. ఆమె భర్త మారుతి లారీ డ్రైవరు. నిట్టు కూలిన నాడు లక్ష్మణ్ శవాన్ని గోదాములోంచి మోసుకొచ్చి, బయట ఆగి ఉన్న మారుతి లారీ ముందు పడుకోబెట్టారు. లారీ గుద్దిందని పోలీసులకు చెప్పమన్నాడు ఓనరు, హమాలీలంతా చెప్పారు. మారుతికి జామీను నిలబడేవాళ్లు లేరు. జైల్లోనే ఉన్నాడు.

జంగుబాయి, సద్ది తింటున్న రామవ్వ పక్కన కూర్చుంది.

"పట్టు!"

"ఎవర్ని పిలుస్తుండు అక్కా?"

"ఆయన జోడీని."

"మరి వాడు పలుకడా?"

రామవ్వ చేతిలో ముద్ద ఆగింది. సద్ది మూటకట్టి, చెయ్యి కడుక్కుని, పర్శరాములు దగ్గరికి పోయింది. ఏడాదిగా అతను వెనక తలుపు నుంచే వస్తాడు, పోతాడు.

"మీ అన్న పిలుస్తుండు."

"రోజూ పిలుస్తుండు వదినె."

"జవాబియ్యి."

"ఇస్తే ఇగ పిలువడు. నీకేం మిగుల్తది?"

"నా మొగుడు గోడల ఉన్నడు, ఆ పిల్ల మొగుడు జైలుల ఉన్నడు. ఇద్దర్ని ఇడిపియ్యి."

పర్శరాములు తువ్వాల భుజాన వేసుకుని, రాయి ముందుకు వచ్చి, బస్తాకు వంగినట్టే వంగాడు.

"పట్టు!"

"ఆ... పట్టిన అన్నా."

అతని వీపు మీద ఏమీ కనపడలేదు. కానీ వీపు మళ్లీ లేవలేదు. అలాగే వంగి, గేటు వైపు నడిచాడు.

"ఎటు పోతున్నవ్ రా?" శ్రీధర్‌రావు కేకేశాడు.

"పోలీస్‌స్టేషన్‌కు సార్. బరువుంది, దించొస్త."

జంగుబాయి పిల్లను ఎత్తుకుని అతని వెంట నడిచింది.

మారుతి విడుదలయ్యాడు. కేసు శ్రీధర్‌రావు మీదికీ, అబద్ధం చెప్పానని ఒప్పుకున్న పర్శరాములు మీదికీ మళ్లింది. మిల్లులో హమాలీలను లేపడానికి ఇప్పుడు కరెంటు బెల్లు పెట్టారు.

మధ్యాహ్నం రామవ్వ రాయికి వీపు ఆనించి సద్ది విప్పింది. ముద్ద కలిపి, కాసేపు ఆగింది.

"తింటున్న," అంది.

రాయి రాయిలాగే ఉంది. ఎండకు వెచ్చగా ఉంది.