రంగంలో తీయించిన మచ్చ

మా చెల్లెలు వరహాలమ్మ మొగుడు అప్పన్న బారువ రేవులో బర్మాలోని రంగానికి పోయే ఓడ ఎక్కిన రోజున అతని ఎడమ బుగ్గ మీద అరచెక్క వక్కంత పుట్టుమచ్చ ఉంది. దాని మీద నాలుగు వెంట్రుకలు. ఉద్దానంలో వాళ్ళ ఊరి వాళ్ళకి ఆ మచ్చే అతని పేరు. వెళ్ళొద్దని నేను గట్టిగా అన్నాను. అన్నందుకే మరింత పట్టుబట్టి ఎక్కాడు.

మూడేళ్ళు అతని కబుర్లు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. ఏడో ఏట, నేనే అప్పన్ననంటూ ఒకడు ఊళ్ళోకి వచ్చాడు. మనిషి చిక్కి సగమయ్యాడు, ముందు పళ్ళు రెండు లేవు, గడ్డం పెరిగింది. బుగ్గ మీద మచ్చ లేదు.

వరహాలమ్మ తలుపు తీయకుండా టెక్కలికి నాకు కబురంపింది. మాకు అమ్మా నాన్నా లేరు, ఆమెకి పెద్దదిక్కు నేనే. పరాయివాణ్ణి మొగుడని లోపలికి రానిస్తే ఆ పిల్ల బతుకు అక్కడితో సరి. అసలు మొగుణ్ణి గుమ్మంలోంచి పంపేసినా అంతే. ఎటు తూచినా నష్టం కనిపించే బేరంలో తొందరపడటం నాకు అలవాటు లేదు.

నాది మూలికల కొట్టు. మచ్చల సంగతి నాకు బాగా తెలుసు. మంగుకి ఎర్రచందనం అమ్ముతాను. కాన్పుల తర్వాత వచ్చిన మంగు కొందరికి దానంతటదే తగ్గుతుంది, మంచిపేరు నా చందనానికి వస్తుంది. శోభికి గంధకం ఇస్తాను. వానాకాలంలో శోభి తిరిగొస్తుంది, దానితోపాటు మనిషీ తిరిగొస్తాడు. బొల్లికి బావంచాలు ఇస్తాను కానీ మాట మాత్రం ఇవ్వను. పుట్టుమచ్చ పోగొట్టే సరుకు నా కొట్లో లేదు, ఏ కొట్లోనూ చూడలేదు. అందుకే వెళ్ళీ వెళ్ళగానే అదే అడిగాను.

"మచ్చ ఏటైపోనాది?"

"రంగంలో సీనావోడొకడు తీసీసినాడు బావా. సున్నంలో ఏదో కలిపి పుల్లతో రాసినాడు. బుగ్గంతా ఉడికిపోనాది. పక్కు కట్టి రాలిపోనాది."

అప్పన్న వదిన బొడ్డమ్మ పెరట్లోంచే అందుకుంది. "మచ్చతోపాటు పళ్ళు కూడా ఊడబీకినాడేటి ఆ సీనావోడు? మా మరిదిని నానెరగనా? ఈడు ఆడు కాడు!"

"ఏటొదినా, నా సేత అరిసెలు దొంగతనంగా తినిపించింది నువ్వు కాదేటి?" అన్నాడు అతను.

"అరిసెలు తినని మరిది ఏ ఊళ్ళో ఉన్నాడు?"

అప్పన్న రాకపోతే కొబ్బరితోట మొత్తం బొడ్డమ్మ మొగుడిదే. అప్పన్న అనిపించుకుంటే ఇతనికి సగం. అందుకని ఇద్దరి మాటకీ తూకం తగ్గించాను. నేను అడిగినవాటికి అతను తడుముకోకుండా చెప్పాడు. పెళ్ళినాడు వాన పడ్డ సంగతి, పిడుగు పడ్డ కొబ్బరిచెట్టు ఏదో కూడా. అయితే రంగంలో కూలీలు ఒకే కప్పు కింద పక్కపక్కన పడుకుంటారు, ఒకడి కథ ఇంకొకడికి కంఠతా వస్తుంది. నందిగాం వైపు అలా వచ్చినవాడొకడు నెలరోజులు అల్లుడి మర్యాదలు జరిపించుకుని మాయమయ్యాడు.

దగ్గరకెళ్ళి బుగ్గ చూశాను. తెల్లటి గుంట. మచ్చ తీసిందీ కావచ్చు, నిప్పు కాల్చిందీ కావచ్చు.

అతన్ని నా వెంట టెక్కలి తీసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టాను. దారంతా ఆలోచించాను. నాకు దొంగ కస్తూరి అంటగట్టడానికి వచ్చేవాడు ముందు వాసనే చూపిస్తాడు. అప్పన్ననని మోసం చేయదలచినవాడు ముందు మచ్చ పెట్టుకు రావాలి. ఇతను పెట్టుకు రాలేదు. అది ఇతనివైపు మాట. కానీ తెలివైనవాడైతే నేను ఇలాగే అనుకుంటానని లెక్క వేసుకునీ ఉండొచ్చు.

మర్నాడు పొద్దున్నే నల్లజీడి గింజ ఒకటి తెచ్చి అతని ముందు పెట్టాను. దాని రసంతోనే చాకళ్ళు బట్టలకి చెరగని గుర్తు పెడతారు.

"బావా, ఊరోళ్ళకి మచ్చ కావాల. దీంతో ఎట్టీసుకో. రెండ్రోజులు పొక్కుతాది, ఆనక నల్లగా నిలబడతాది. సీనావోడు తీసింది మళ్ళీ పైకొచ్చినాదని నాను సెప్తాను. నా మాట ఊళ్ళో ఎవడు కాదంటాడు?" అన్నాను.

మోసగాడికి ఇంతకంటే మంచి బేరం దొరకదు. అతను గింజ కేసి చూశాడు, నా కేసి చూశాడు.

"నీకు మతి పోనాదేటి బావా? రంగం మిల్లులో మేస్త్రీ ఆ మచ్చని సూసి పెద్దరోగమని గెంటీసినాడు. నా పక్కన కంచం ఎట్టినోడు లేడు. తీయించుకోడానికి ఎంత ఏడిసినానో నాకు తెలుసు. మళ్ళీ ఎట్టించుకుంటానా? రానిత్తే రానిత్తాది, లేపోతే ఓడ ఉంది."

గింజ తీసి వీధిలోకి విసిరేశాడు. నేను బండి కట్టించాను.

అతన్ని బండిలోనే కూర్చోబెట్టి లోపలికెళ్ళి వరహాలమ్మకి జరిగింది చెప్పాను. ఆమె అంతా వినలేదు.

"ఒద్దన్నాడా?"

"ఒద్దన్నాడు. ఇసిరేసినాడు."

"మంచి సెప్పినా ఒద్దన్నాడా అన్నియ్యా?"

"ఓడెక్కిపోతానన్నాడు."

"అయితే ఆడే," అని లేచి తలుపు తీసింది. బండి దగ్గరికెళ్ళి, అతని గడ్డం పట్టుకుని బుగ్గ ఇటు తిప్పింది.

"ఏటి, నీ మచ్చని నానేటైనా అన్నానా?"

"నువ్వేటీ అన్లేదు. మేస్త్రీ అన్నాడు."

"అయితే మేస్త్రీతోనే కాపురం సేసుకోలేకపోనావా?"

అతను నవ్వబోయి పళ్ళు లేని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె అతని కాళ్ళకి నీళ్ళు తేవడానికి లోపలికెళ్ళింది. పెరట్లో బొడ్డమ్మ ఎవరినో తిడుతోంది. ఎవరినో నేను అడగలేదు.

నేను మాత్రం ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా అతని ఎడమవైపే కూర్చునేవాణ్ణి. మరుసటి ఎండాకాలంలో ఆ తెల్లటి గుంట మధ్య, పాత మచ్చ మీద ఉండేలాంటి ముతక వెంట్రుక ఒకటి మొలిచింది. ఆ రోజునుంచి ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చుంటున్నాను.