మా చప్టా దాకా సముద్రం

"సముద్రం సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు పాలు చూడు" అంది మా అత్తయ్య వెంకటరావమ్మ. నేను స్టవ్ పక్కన గట్టు మీద మ్యాపు పరుచుకుని నిలబడి ఉన్నాను. పాలు పొంగలేదు. పొంగేవి కూడా కావు, మంట తగ్గించే ఉంచాను. అయినా మ్యాపు మడిచి ఫ్రిజ్ మీద పెట్టి గరిటె అందుకున్నాను. ఆ ఇంట్లో నా ఉద్యోగానికి దొరికిన చోటు ఫ్రిజ్ పైభాగం. పెళ్ళయి పర్చూరు వచ్చిన కొత్తలో, రాసుకోవడానికి ఒక బల్ల ఉంటే బాగుంటుందని అడిగాను. "రోజంతా ఆఫీసులో బల్ల ముందే కూర్చుంటావుగా, మళ్ళీ ఇంట్లో దేనికి?" అన్నాడు మా ఆయన కోటేష్. నవ్వుతూనే అన్నాడు. ఆయన ఏ మాటైనా నవ్వుతూనే అంటాడు. అందుకే జవాబు చెప్పడం కష్టం.

చీరాలలో తీరప్రాంతం మీద పరిశోధన చేసే ఒక చిన్న కేంద్రంలో నేను శాస్త్రవేత్తని. ఆ ఏడాది మాకు పెద్ద పనే వచ్చింది. సూర్యలంక నుంచి కొత్తపట్నం దాకా ఉన్న సముద్రాన్ని, తీరాన్ని కలిపి ఒకటిగా అంచనా వెయ్యాలి. అంతకుముందు చేపల గురించి చదువుకున్నవాళ్ళు చేపల్ని, నీళ్ళ వాళ్ళు నీళ్ళని, మడ అడవుల వాళ్ళు మడ అడవుల్ని ఎవరికి వారే చూసేవారు. ఇప్పుడు అన్నిటినీ, వాటి మీద బతికే మనుషుల్ని కూడా కలిపి, ఒకదాని వల్ల ఇంకొకదానికి ఏమవుతోందో చూడాలి. పని మొదలెట్టే ముందు ప్రణాళిక కావాలి. దేన్ని చూడాలి, ఎవరిని అడగాలి, అన్నిటికంటే ముందు ఎక్కడిదాకా చూడాలి అన్నది తేల్చుకోవాలి. ఆ ప్రణాళిక రాసే బాధ్యత డైరెక్టరుగారు నాకు అప్పగించారు. ఆ సంతోషంలో నేనుండగానే, తీరం వాళ్ళందరినీ పిలిచి పెట్టే సమావేశంలో దాన్ని తానే చదువుతానని, ఆ రోజు టీ టిఫిన్ల సంగతి నేనూ నస్రత్ చూసుకోవాలని చెప్పారు. మీరైతే ఇంట్లోలాగా శుభ్రంగా చూస్తారు కదమ్మా అన్నారు. నస్రత్ మా దగ్గర నీటి పరీక్షలు చేసే అమ్మాయి. బయటికొచ్చాక, మా ఇంట్లో వంట మా అన్న చేస్తాడని చెప్పి రానా అని అడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుకుని, టిఫిన్లకి ఫోన్ చేశాం.

సముద్రం వైపు సరిహద్దు గీయడం కష్టం కాలేదు. మన పడవలు వేటకి ఎంత దూరం పోతాయో అంత దూరం అనుకున్నాం. నేల వైపు గీత ఎక్కడ ఆపాలో మాత్రం తెలియలేదు. ఇసుక దగ్గరా, రొయ్యల చెరువుల దగ్గరా, తీరం పక్కగా పోయే హైవే దగ్గరా? ఓడరేవులో జాలర్లతో మాట్లాడటానికి వెళ్ళినప్పుడు మగవాళ్ళు కుర్చీల్లో కూర్చుని, వానలు పడ్డాక పొలాల నీళ్ళు మోసుకొచ్చే డ్రైను సముద్రంలో కలిసే చోట వల వెయ్యడం మానేశామని చెప్పారు. ఎండుచేపలు అమ్మే మల్లేశ్వరి వెనకాల నిలబడి వింటోంది. మీది ఏ ఊరమ్మా అని నన్నడిగింది. పర్చూరు అన్నాను. "అయితే ఆ నీళ్ళు మీ వైపు నించి వచ్చేయ్యే. వాటి సంగతి మీరే చెప్పాల" అంది. నిష్ఠూరంగా ఏమీ అనలేదు. ఊరికే అడిగినట్టే అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆదివారం పొద్దున్నే ఇంట్లో అందరికీ రెండు పూటలకీ సరిపడా వండి పెట్టి, నస్రత్ స్కూటీ ఎక్కి డ్రైను గట్టు పట్టుకుని సముద్రం దగ్గర నుంచి పైకి బయలుదేరాం. హైవే కింద తూము దాటాం. వరి చేలు దాటాం. నల్లరేగడి మొదలైంది, పత్తి చేలు వచ్చాయి. పెద్ద డ్రైను చిన్నదైంది, చిన్నది కాలవైంది. చివరికి ఆ కాలవ వంపు తిరిగి పూతకొచ్చిన ఒక మిరప చేను అంచుకి చేరింది. నేను స్కూటీ ఆపమన్నాను. ఏమైందక్కా అంది నస్రత్. ఆ చేను మాది. చేను మూల బోరు, బోరు దగ్గర సిమెంటు చప్టా, చప్టా నుంచి కాలవలోకి సన్నటి నీటి దారి. ఆ దారి పడింది నా చేతి కింద నీళ్ళతోనే.

మిరపకి మందు కొట్టే రోజుల్లో ఆ బట్టలు ఇంటికి తేకూడదని మా అత్తయ్య నియమం. వాషింగ్ మెషిన్‌లో వేస్తే మెషిన్ పాడైపోతుందట. అందుకని మావయ్యవీ, ఆయనవీ చొక్కాలు, లుంగీలు, తలగుడ్డలు చప్టా మీద పడేసి వస్తారు. ఆఫీసు నుంచి వచ్చాక నేను వెళ్ళి ఉతుకుతాను. ఈ పని నీది అని నాకెవరూ చెప్పలేదు. మొదటిసారి వెళ్ళాను, తర్వాత అది నాదైపోయింది. వేళ్ళ చివర చర్మం ఊడిపోతుంటే సబ్బు పడటం లేదేమోనని కోటేష్ వేరే సబ్బు తెచ్చిచ్చాడు. ఆయనది పురుగుమందుల షాపు. మందు కలిపేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండయ్యా అని రైతులకి రోజూ చెప్తాడు. మంచి మనిషే. ఒక జత ఇంటికి పట్టుకురావాలని ఆయనకి తట్టలేదు. సముద్రపు నీటిలో ఏమేం కలుస్తాయో చదివి పట్టా తెచ్చుకున్న నాకు, నా చేతుల మీదుగా ఏం పోతోందో చూసుకోవాలని తట్టలేదు. చదువు ఆఫీసులోనూ, ఉతుకుడు ఇంట్లోనూ వేరు వేరు గదుల్లో ఉండిపోయాయి.

మా మావయ్య వెంకటనారాయణ గారు స్ప్రేయర్ బాగుచేసుకుంటూ తలెత్తి మమ్మల్ని చూశారు. పక్కనున్న కొత్త మనిషి ఎవరని అడగలేదు. ఎందుకొచ్చారని అడగలేదు.

"ఇయ్యాల బట్టలేం లేవమ్మాయ్" అన్నారు.

నస్రత్ తల తిప్పుకుని కాలవ వైపు చూసింది. ఆ చేనులో నన్ను చూస్తే ఆయనకి తట్టే సంగతి అదొక్కటే. ఆయన తప్పు పెట్టి అన్న మాట కాదు, నాకు శ్రమ తప్పిందని చెప్పినట్టే అన్నారు. అందుకే ఇంకా లోతుగా దిగింది.

మర్నాడు మ్యాపు మీద నేల వైపు గీత మా చేను దాటించి గీశాను.

వారం తిరక్కుండా కోటేష్ ఫ్రిజ్ మీద మ్యాపు తీసి చూశాడు. మన ఊరిని కూడా సముద్రంలో కలిపేశావేంటని నవ్వాడు. నీళ్ళు ఇక్కడి నుంచే పోతున్నాయని చెప్పాను. అంచనా అంటే ఎవరి మీదా నేరం మోపడం కాదని, ఉన్నది ఉన్నట్టు చూడటమేనని కూడా చెప్పాను. నవ్వు ఆగింది.

"నీళ్ళన్నాక పోతాయి. వాటిని కాయితం మీదకి ఎక్కించడం దేనికి? రేపు షాపుకొచ్చి అందరూ నన్నడుగుతారు. హైవే కాడ ఆపెయ్, మాధవీ."

ఆయన నవ్వకుండా నాతో మాట్లాడటం అదే మొదలు. నా పని ఆయనకి నిజమైన పనిగా కనిపించిందీ అప్పుడే. విచిత్రం, భయానికి బదులు నాకు కొంచెం గౌరవం దక్కినట్టనిపించింది. ఆఫీసులో డైరెక్టరుగారూ అదే మాట అన్నారు. వ్యవసాయం జోలికి పోతే గొడవలొస్తాయని, ఈసారికి హైవే దాకా చాలని అన్నారు. వాళ్ళిద్దరికీ ముఖపరిచయం కూడా లేదు. అయినా ఇద్దరికీ ఒకే చోట గీత కనిపించింది. అంతదాకా నా బతుకంతా అలాంటి గీతల దగ్గర ఆగుతూనే వచ్చాను. చదువు ఇంతవరకు, నవ్వు ఇంతవరకు, జీతం గురించి మాట్లాడటం ఇంతవరకు. ఎవరూ కర్ర పట్టుకుని నిలబడలేదు. చాల్లే అనేవారు, నేను చాలించేదాన్ని. ఈసారి మార్చనని డైరెక్టరుగారితో నెమ్మదిగా చెప్పాను. సమావేశం పెట్టేదే అందరి మాటా వినడానికి కదా, అక్కడ అందరూ వద్దంటే తీసేద్దామన్నాను. ఆయన విసుక్కున్నారు. అయితే ఎవరైనా దాని గురించి అడిగితే నువ్వే చెప్పుకో అన్నారు.

సమావేశం రోజు చీరాలలో హాలు నిండింది. ముందు వరసల్లో పడవల యజమానులు, రొయ్యల చెరువుల వాళ్ళు. రెండో వరసలో తోటి డీలర్లతో కోటేష్. మేం పిలిచిన ఎండుచేపల ఆడవాళ్ళు వెనకాల గోడ వారగా నిలబడ్డారు. నేను టీ ఫ్లాస్కుల దగ్గర ఉన్నాను. డైరెక్టరుగారు నేను రాసింది చదివి, మ్యాపు తెర మీద చూపించారు. కోటేష్ లేచాడు.

"సముద్రం గురించి మీటింగన్నారు. మా మిరప చేలకీ సముద్రానికీ ఏం సంబంధమండీ? అసలు ఆ గీత గీసిందెవరు?"

ఎవరో ఆయనకి తెలుసు. డైరెక్టరుగారు నా వైపు చూశారు. చేతిలో ట్రే బల్ల మీద పెట్టాను.

"నేనండి" అన్నాను. "మా చేనులో బోరు దగ్గర చప్టా మీద మందు కొట్టిన బట్టలు ఉతుకుతాను. ఆ నీళ్ళు కాలవలోకి, అక్కణ్ణించి డ్రైనులోకి, డ్రైను నుంచి సముద్రంలోకి పోతాయి. వాటిలో ఏముందో, ఎంత ఉందో, హాని ఉందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికే ఈ పని. మొదటి సీసా నీళ్ళు మా చప్టా దగ్గరే పడతాం. ఇంకొకరి చేనుతో మొదలుపెట్టడం న్యాయం కాదండి."

గోడ దగ్గర నుంచి మల్లేశ్వరి, చేపలు ఎండబెట్టేవాళ్ళని కూడా అడుగుతారా అంది. అడుగుతామని చెప్పాను. అధ్యక్షత వహిస్తున్న అధికారి, గీత అట్లాగే ఉంచండి అని తర్వాతి విషయంలోకి వెళ్ళారు. అంతే. జరిగిందల్లా అంతే. కోటేష్ కూర్చున్నాడు. నేనిచ్చిన టీ ఆయన తాగలేదు.

సాయంత్రం ఇంట్లో ఆయన జరిగింది చెప్పాడు. మావయ్య కండువా దులుపుకుని అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నారు. అత్తయ్య కింద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"ఊరి ముందు మన చేను పేరెత్తేటప్పుడు నన్నొక మాట అడిగావా?" అన్నాడు కోటేష్.

"ఆ బట్టలు ఉతుకుతావా అని నన్నెవరైనా ఒక మాట అడిగారా అండీ?" అన్నాను. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగాను. "ఇక నేను ఉతకను. అత్తయ్యనీ ఉతకనివ్వను. ఎవరి బట్టలు వాళ్ళు చూసుకోండి."

ఆయన ఏదో అనబోయి తల్లి వైపు చూశాడు, తన తరఫున మాట్లాడుతుందని. అత్తయ్య తల ఎత్తలేదు. చేతిలో కాయ ఒలవడం పూర్తిచేసి, గింజలు గిన్నెలో వేసింది.

"రేపు మీ ఆఫీసు నించి వచ్చేవాళ్ళు ఏమడుగుతారు, మాధవీ?"

ఏ మందులు కొట్టారు, ఎన్నేళ్ళ నుంచి కొడుతున్నారు, ఆ బట్టలు ఎవరు ఉతికారు, వాళ్ళ ఆరోగ్యం ఎట్లా ఉంది, ఇట్లాంటివే అడుగుతారని చెప్పాను.

"మీ మావయ్యని అడిగితే ఆయనేం చెప్తారు. నన్నడగమను. నువ్వు రాకముందు అన్నీ నేనేగా ఉతికింది, కడుపుతో ఉన్నా ఉతికాను." ఇంకో చిక్కుడుకాయ అందుకుని, దాన్ని ఒలవకుండా చేతిలోనే పట్టుకుంది. "వీడికి ముందు ఇద్దరు నిలవలేదు. అది కూడా రాసుకుంటారేమో కనుక్కో."