"లేదు" అని రాసిన గడి

దరఖాస్తులు నింపడంలో తనను మించినవాడు లేడని ఆ పెద్దాయన నమ్మకం. ముప్పై ఏళ్లు ఆఫీసు మెట్ల దగ్గర బల్ల వేసుకుని ఊళ్లోవాళ్ల అర్జీలు రాశాడు మరి! ఆయన సూత్రం ఒక్కటే: ఏది అడిగినా "లేదు" అని రాసేస్తే ఏ గొడవా ఉండదు. కూతురి ఉద్యోగం కోసం అందరూ కొత్త రాష్ట్రానికి మారాక, ఆరోగ్య కార్డు ఫారంలో "పాత జబ్బులు" అనే గడి ఎదురైంది. భార్యకి మూర్ఛ. ఆ సంగతి తెలిస్తే కార్డిస్తారా? తడుముకోకుండా "లేదు" అని రాసేశాడు మహానుభావుడు!

కార్డు వచ్చింది. మాత్రలు మాత్రం రాలేదు.

"మీ ఆవిడకి ఏ జబ్బూ లేదని ఉంది కదండీ. ఈ మందు ఊరికే ఇవ్వకూడదు," అంది ఆసుపత్రి మందుల కౌంటర్లో అమ్మాయి. "ముందు నర్సుకి చూపించండి."

ఇంట్లో రెండే మాత్రలున్నాయి. అవీ అయిపోతే ఆవిడ ఎప్పుడు ఎక్కడ పడిపోతుందో! ఆయన పరుగున వెళ్లి భార్యని వెంటబెట్టుకొచ్చాడు.

"తప్పు నాదేనమ్మా. జబ్బుంటే కార్డివ్వరేమోనని..." నర్సు ముందు నీళ్లు నమిలాడు.

"భలేవారే! జబ్బున్నవాళ్ల కోసమే కదండీ కార్డు," అని నవ్వి, నర్సు ఆవిడ వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా, ఏమిటి ఇబ్బంది?"

ఆవిడ అలవాటుగా మొగుడి మొహం చూసింది. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల ఎవరికీ చెప్పొద్దన్నది ఆయనే. ఆయన తలూపాడు.

"మూర్ఛ తల్లీ. పెళ్లైన ఏడాది నుంచీ ఉంది," అందావిడ.

పాత మందుల చీటీ చూసి డాక్టరు మందు రాశాడు. కార్డులో తప్పు దిద్దారు. నెలకి సరిపడా మాత్రలు చేతికొచ్చాయి. హమ్మయ్య! పెద్దాయనకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

ఇంటికొచ్చేసరికి పక్కింటి దర్జీ ఆవిడ గుమ్మంలో కాజాలు కుడుతోంది. "ఎక్కడికెళ్లొస్తున్నారు, బాబాయిగారూ?"

"ఊరికే" అన్న మాట ఆయన నోటిదాకా వచ్చింది. ఈలోగా భార్యే అందుకుంది.

"ఆసుపత్రికమ్మా. నాకు మూర్ఛ ఉంది. ఎప్పుడైనా పడిపోతే భయపడకు. పక్కకి తిప్పి పడుకోబెట్టు, చాలు."

"అలాగే పిన్నిగారూ. ముందే చెప్పి మంచి పని చేశారు."

పెద్దాయన దర్జీ ఆవిడ వైపు తిరిగాడు.

"తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలమ్మా," అన్నాడు.